ముషిణి గింజ చూపిన దారి

రావికమతం మండలంలో కల్యాణపులోవ రిజర్వాయరు వెనక తూర్పు కనుమలు లేస్తాయి. ఆ కనుమల పొడి అడవుల్లో పెరిగే చెట్లలో ముషిణి ఒకటి. కొందరు ముష్టి అంటారు, ఆయుర్వేద వైద్యులు విషముష్టి అంటారు. కాయ పండితే నారింజ రంగుకు తిరుగుతుంది. గట్టి పెంకు పగలగొడితే తెల్లటి గుజ్జు, ఆ గుజ్జులో గుండ్రంగా, బల్లపరుపుగా బూడిదరంగు గింజలు. వాటి మీది సన్నని నూగు వెలుతురులో మెరుస్తుంది. కొండల్లోని గిరిజనులు ఈ గింజల్ని ఏరి, కడిగి, ఎండబెట్టి అమ్ముతారు. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో చింతపండు, కుంకుడుకాయ, కరక్కాయ, తేనె, కొండచీపుర్ల సరసన ముష్టి గింజలూ ఉన్నాయి, చిల్లగింజలూ ఉన్నాయి. బురదనీటిని తేర్చడానికి మన పెద్దలు కుండలో అరగదీసిన చిల్లగింజ ఈ ముషిణికి తోబుట్టువే. రెండూ స్ట్రిక్నోస్ అనే ఒకే ప్రజాతి. చిల్లగింజ నీళ్లని తాగడానికి పనికొచ్చేలా చేస్తుంది. ముషిణి గింజ ప్రాణం తీస్తుంది.

ఈ గింజకు చేదు ఎంతంటే, దాన్నుంచి తీసిన స్ట్రిక్నిన్‌ని లక్షల వంతుల నీళ్లలో కలిపినా నాలుక పట్టేస్తుంది. ఆయుర్వేదంలో దీన్ని పాలలో ఉడికించి, పొట్టు తీసి, నేతిలో వేయించి శుద్ధి చేశాకే మందుల్లో వాడతారు. హోమియోపతి మందుల పెట్టెలో నక్స్ వామికా అనే పేరుతో కనిపించేదీ ఇదే. నాకు మాత్రం ఈ గింజ మీద గౌరవం ఏర్పడింది దాని వైద్యం వల్ల కాదు. మెదడులో, వెన్నుపాములో 'ఆపడం' అనే పని ఒకటి ఉందని, దానికి ప్రత్యేకమైన కణాలు, ప్రత్యేకమైన రసాయనాలు, వాటిని అందుకునే ప్రత్యేకమైన గ్రాహకాలు ఉన్నాయని శాస్త్రజ్ఞులు రుజువు చేసుకున్న చాలా మలుపుల్లో ఈ గింజలోని విషమే వాళ్ల చేతిలో ఉంది.

స్ట్రిక్నిన్ ఒంట్లోకి పోతే ఏమవుతుందో ముందు చెప్పుకోవాలి. కొద్ది నిమిషాల్లో ముఖం, మెడ బిగుసుకుంటాయి. తర్వాత ఒళ్లంతా ఒక్కసారిగా బిర్రబిగుస్తుంది, వీపు వెనక్కి విల్లులా వంగిపోతుంది. కొంతసేపటికి సడలుతుంది. మళ్లీ తలుపు చప్పుడైనా, ఎవరైనా చేత్తో తాకినా, దీపం వెలిగించినా ఇంకో విడత మొదలవుతుంది. చివరికి ఊపిరి ఆడించే కండరాలు కూడా బిగుసుకుపోయి మనిషి చనిపోతాడు. ఇంత జరుగుతున్నా స్పృహ తప్పదు. అన్నీ తెలుస్తూనే ఉంటాయి.

చూసేవాళ్లకి ఈ విషం నరాలకు ఎక్కడలేని బలం తెచ్చిపెట్టిందనే అనిపిస్తుంది. పాత వైద్యులూ అలాగే అనుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్ట్రిక్నిన్‌ని బలం మందుగా కొద్దికొద్దిగా ఇచ్చేవారు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ పరిగెత్తిన థామస్ హిక్స్‌కి దారిలో గుడ్డు తెల్లసొన, బ్రాందీతో కలిపి స్ట్రిక్నిన్ పట్టారు. ఆయన గెలిచాడు, గమ్యం దగ్గర కుప్పకూలాడు. నిజానికి స్ట్రిక్నిన్ నరాలకు ఏ బలాన్నీ కలపదు. ఉన్న అదుపుని తీసేస్తుంది, అంతే. చప్పుడు విన్నప్పుడు ఒళ్లంతా బిగుసుకునేంత శక్తి మన వెన్నుపాములో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మనం మామూలుగా కూర్చుని ఉన్నామంటే, ఆ శక్తిని ప్రతి క్షణం ఏదో ఆపుతూ ఉందన్నమాట.

ఈ సంగతి తేలడానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది. 1809లో పారిస్‌లో ఫ్రాన్స్వా మాజెండీ ఈ జాతి మొక్కల విషం పనిచేసేది వెన్నుపాము మీదనేనని జంతువుల్లో చూపాడు. 1818లో పెలెటియె, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచి ఔషధ శాస్త్రజ్ఞులు స్ట్రిక్నిన్‌ని విడదీశారు. ఇంగ్లండులో చార్లెస్ షెరింగ్టన్ నడకలోని కిటుకు పట్టుకున్నాడు. కొండచీపుర్ల మోపు నెత్తిన పెట్టుకుని గట్టు దిగే మనిషిని చూడండి. మోకాలు చాచే కండరం బిగుసుకున్నప్పుడు దాన్ని మడిచే కండరం వదులవ్వాలి, మరుక్షణం ఇది బిగుసుకుని అది వదులవ్వాలి. వదులవడం దానంతట అదే జరిగిపోదు. వెన్నుపాము ఒకదానికి కదలమని, రెండోదానికి ఆగమని ఒకేసారి చెబుతుంది. స్ట్రిక్నిన్ ఇస్తే ఆ రెండో కబురు పోతుంది, ఎదురెదురు కండరాలు రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. షెరింగ్టన్‌కి 1932లో నోబెల్ వచ్చింది. కానీ 'ఆగు' అనే కబురు కణం లోపల ఏం చేస్తుందో ఆయనకీ చూసే సాధనం లేదు.

ఆ సాధనం షెరింగ్టన్ శిష్యుడికి దొరికింది. ఆస్ట్రేలియాలో పుట్టిన జాన్ ఎకిల్స్ అప్పటికి న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఉన్నాడు. నరాల మధ్య కబురు విద్యుత్తు రూపంలోనే దాటుతుందని, రసాయనాల పాత్ర లేదని ఆయన ఏళ్లతరబడి వాదించాడు. ఆ రోజుల్లో న్యూజిలాండ్‌లోనే ఉన్న తత్వవేత్త కార్ల్ పాపర్ ఆయనకు ఒక సలహా ఇచ్చాడు: నీ సిద్ధాంతాన్ని ఎంత కచ్చితంగా చెబితే అంత మంచిది, తప్పైతే తప్పని తేలేలా చెప్పు. ఎకిల్స్ ఆ మాట పట్టుకున్నాడు. తన సిద్ధాంతమే నిజమైతే, ఆపే కబురు వచ్చినప్పుడు కణంలో వోల్టేజి ఫలానా వైపు మారాలని ముందే రాసిపెట్టుకున్నాడు. 1951 ఆగస్టులో బ్రాక్, కూంబ్స్ అనే సహచరులతో కలిసి, అతి సన్నని మొన గల గాజు సూదిని పిల్లి వెన్నుపాములోని ఒకే ఒక్క కదలిక కణంలోకి దించాడు. ఆపే కబురు వచ్చింది. వోల్టేజి ఆయన చెప్పినదానికి సరిగ్గా ఎదురు దిక్కుకు మారింది. ఆ ఒక్క గీత చూసి ఎకిల్స్ తన పాత వాదాన్ని వదిలేసి, రసాయనమే నిజమని ప్రకటించాడు. విజ్ఞాన చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది. ఆ తర్వాత ఆయన బృందమే స్ట్రిక్నిన్ ఇచ్చి చూస్తే, ఆపే కబురు తాలూకు ఆ మార్పు కుదించుకుపోయింది. 1963లో ఎకిల్స్‌కి కూడా నోబెల్ అందింది.

ఆ రసాయనం పేరు ఇంకా తెలియలేదు. 1960ల మధ్యలో అమెరికాలోని ఇండియానాలో మోరిస్ ఆప్రిసన్, రాబర్ట్ వర్మన్ అది గ్లైసిన్ కావచ్చన్నారు. చాలామందికి నమ్మబుద్ధి కాలేదు. గ్లైసిన్ అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది, మనం తినే పప్పులో, చేపలో, ఒంట్లోని దాదాపు ప్రతి ప్రొటీనులో ఉండే మామూలు పదార్థం. అంత సాదా పదార్థం ఇంత సున్నితమైన పని చేస్తుందా? చేస్తుందని కొద్ది ఏళ్లలోనే రుజువైంది. వెన్నుపాములో, మెదడు కాండంలో ఆపే కణాలు గ్లైసిన్‌ని వదులుతాయి. ఎదుటి కణం మీద దాన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయి. స్ట్రిక్నిన్ గ్లైసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుని కదలదు.

ఆ మొండితనమే తర్వాత పనికొచ్చింది. 1980ల తొలి ఏళ్లలో జర్మనీలో హైన్రిక్ బెట్జ్ బృందం స్ట్రిక్నిన్ వంటి అణువుల్ని చిన్న పూసలకు అతికించి, ఎలుక వెన్నుపాము నుంచి తీసిన ద్రావణాన్ని వాటి మీదుగా పంపింది. వేలాది ప్రొటీన్లు జారిపోయాయి. గ్లైసిన్ గ్రాహకం ఒక్కటే అతుక్కుని మిగిలింది. 1987లో దాని జన్యువుని చదివారు. 2015లో ఎరిక్ గౌవో బృందం అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో, స్ట్రిక్నిన్ కూర్చుని ఉన్న స్థితిలో, గ్లైసిన్ కూర్చుని ఉన్న స్థితిలో ఆ గ్రాహకం బొమ్మల్ని విడివిడిగా తీసింది.

ఆ బొమ్మలో ఐదు ప్రొటీను ముక్కలు గుండ్రంగా నిలబడి ఉంటాయి, నడుమ సన్నని రంధ్రం. గ్లైసిన్ వచ్చి కూర్చోగానే ముక్కలు కాస్త మెలితిరిగి రంధ్రం తెరుచుకుంటుంది. దాని గుండా ముఖ్యంగా దాటేవి ఉప్పులో ఉండే క్లోరైడ్ అయాన్లు. స్ట్రిక్నిన్ కూర్చుంటే రంధ్రం మూసుకునే ఉంటుంది.

క్లోరైడ్ దాటితే కణం ఎందుకు ఆగుతుంది? నాడీకణాన్ని ఊరి చెరువు అనుకుందాం. చుట్టుపక్కల కణాల నుంచి వచ్చే 'కదులు' కబుర్లు చెరువులోకి చేరే వాననీళ్లు. నీటిమట్టం అలుగు దాకా లేస్తే అలుగు పారుతుంది, అంటే ఆ కణం తన కబురుని ముందుకు పంపుతుంది. గ్లైసిన్ గ్రాహకం ఆ చెరువుకు తూము. తూము తెరిచి ఉన్నంతసేపు ఎంత నీరొచ్చినా మట్టం అలుగు దాకా లేవదు. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపల వోల్టేజి సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. మైనస్ 55 దరిదాపులకు చేరితేనే కణం కబురు పంపుతుంది. క్లోరైడ్ తూము తెరుచుకుంటే వోల్టేజి మైనస్ 70 దగ్గరే కట్టుబడిపోతుంది. ఒక్కోసారి వోల్టేజిలో మార్పే కనబడదు, అయినా లోపలికొచ్చిన కరెంటు వచ్చినట్టే కారిపోతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతుల్లో జరిగిపోయే పని.

స్ట్రిక్నిన్ తూముని మూసి పట్టుకుంటే, ధనుర్వాతం క్రిమి ఇంకో దారిలో అక్కడికే చేరుతుంది. గాయంలో పెరిగిన క్రిమి వదిలిన విషం నరం వెంబడి వెన్నుపాముకు పాకి, ఆపే కణాల్లో దూరి, అవి గ్లైసిన్‌ని, గాబా అనే ఇంకో రసాయనాన్ని వదలకుండా చేస్తుంది. గ్రాహకాలు చక్కగానే ఉంటాయి, వాటికి అందవలసింది అందదు. అందుకే రెండింటిలోనూ అదే బిగుసుకోవడం, అదే వీపు వంగిపోవడం. మురికి బ్లేడుతో బొడ్డు కోసినందువల్ల, కోసిన చోట పేడ రాసినందువల్ల పుట్టిన వారానికే ఇలా బిగుసుకుపోయి చనిపోయిన పసిబిడ్డలు మన పల్లెల్లో ఒకప్పుడు లెక్కకు మిక్కిలి. గర్భిణులకు టీకా, ఆసుపత్రి కాన్పు ఆ చావుల్ని అడ్డుకున్నాయి. నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు 2003లో దేశంలో మొట్టమొదట గుర్తింపు పొందింది ఆంధ్రప్రదేశే. దేశమంతటికీ ఆ గుర్తింపు 2015లో వచ్చింది.

ఇక జన్యువులోనే లోపంతో గ్లైసిన్ గ్రాహకం సరిగా తయారుకాని పిల్లలున్నారు. చాలా అరుదు. పుట్టినప్పటి నుంచి ఒళ్లు బిగిసి ఉంటుంది, ముక్కు మీద వేలితో తట్టినా ఉలిక్కిపడతారు, పెద్దయ్యాక చప్పుడు విని కొయ్యబారి పడిపోతుంటారు. దానికి కారణమైన జన్యు మార్పుని 1993లో కనుక్కున్నారు. వాళ్లకిచ్చే మందు క్లోనజెపామ్. అది గ్లైసిన్ గ్రాహకాన్ని ముట్టుకోదు, గాబా గ్రాహకానికి సాయం చేస్తుంది. ఒక తూము చెడితే రెండో తూముతో నెట్టుకురావడమే ఆ వైద్యం.

మెదడు పైభాగంలో పెత్తనం ఆ రెండో తూముదే. 1950లో యూజీన్ రాబర్ట్స్ ఎలుక మెదడులో గాబాని కనుగొన్నాడు. మెదడుని ఉత్తేజపరిచే ముఖ్య రసాయనం గ్లుటమేట్ నుంచే, ఒక చిన్న ముక్క తొలగితే, గాబా తయారవుతుంది. కదిలించేదీ ఆపేదీ ఒకదాన్నుంచి ఒకటి పుట్టడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆ మార్పు జరగాలంటే బి6 విటమిను కావాలి. 1950ల మొదట్లో అమెరికాలో ఒక డబ్బాపాల పొడిలో బి6 తగ్గిపోయి పసిపిల్లలకు ఫిట్స్ వచ్చాయి. విటమిను ఇవ్వగానే తగ్గాయి. క్షయకు వాడే ఐసోనియాజిడ్ మోతాదు బాగా మించితే ఫిట్స్ రావడం, దానికి బి6 ఇంజెక్షనే విరుగుడు కావడం ఇందుకే.

మెదడు పైపొరలో సుమారు అయిదింట ఒక కణం గాబా కణం. తక్కిన నాలుగు దూరదూరాలకు కబుర్లు పంపుతాయి. ఈ ఒక్కటి చుట్టుపక్కల వందల కణాలను అల్లుకుని ఎవరు ఎప్పుడు మాట్లాడాలో నిర్ణయిస్తుంది. అవి లయ తప్పకుండా ఆపుతూ వదులుతూ ఉండటం వల్లే మెదడు తరంగాలు పుడతాయి. సంతలో వంద గొంతుల మధ్య మన పేరు పిలిచిన గొంతుని పట్టుకుంటున్నామంటే, తక్కిన తొంభై తొమ్మిదిని ఎక్కడో ఒకచోట అణిచిపెట్టడం జరుగుతోంది. ఈ అణచడం ఒకచోట తెగిపోయి, కణాల గుంపు అంతా ఒకేసారి మోగడం మొదలుపెడితే దాన్నే మూర్ఛ అంటున్నాం. గాబాని ఇంకో గ్రాహకం కూడా అందుకుంటుంది. అది నెమ్మది, దాని ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. కండరాల బిగువుకిచ్చే బాక్లోఫెన్ పనిచేసేది దాని మీదే. మనం ముందుకెళ్లవలసింది వేగంగా తెరుచుకునే మొదటి గ్రాహకంతో.

అది కూడా ఐదు ముక్కల క్లోరైడ్ తూమే. కాకపోతే ముక్కల రకాలు పందొమ్మిది దాకా ఉన్నాయి, ఏ అయిదు కలిశాయన్న దాన్నిబట్టి స్వభావం మారుతుంది. సారా, నిద్రమాత్రలు, ఆపరేషను మత్తుమందుల్లో చాలావాటికి ఈ గ్రాహకం మీదే ఎక్కడో ఒకచోట పట్టు దొరుకుతుంది. లియో స్టెర్న్‌బాక్ తయారుచేసిన డైజీపామ్ 1963లో అమ్మకానికి వచ్చింది. అది ఎలా పనిచేస్తుందో 1970ల మధ్య దాకా ఎవరికీ తెలియదు. గాబా కూర్చునే చోట అది కూర్చోదు. పక్క సందులో ఇరుక్కుని, గాబా వచ్చినప్పుడు తూము మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తుంది. పాతకాలపు బార్బిట్యురేట్లు తూముని ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయి, మోతాదు పెరిగితే గాబా లేకుండానే తెరిచేస్తాయి. అందుకే వాటితో చావులు ఎక్కువ. డైజీపామ్ ఒక్కటే వేసుకుంటే అంత ప్రమాదం లేకపోయినా, సారాతో కలిపితే ఊపిరి ఆగిపోగలదు.

ఇక్కడే మన కల్లు సంగతి చెప్పాలి. ఉత్తరాంధ్రలో తాటికల్లు, మన్యంలో జీలుగు కల్లు చెట్టు నుంచి దింపుకుని తాగుతారు. వాటిలో ఉండేది పులియడం వల్ల పుట్టిన కొద్దిపాటి ఆల్కహాలు. తెలంగాణలో చాలాచోట్ల చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయ్యాక కల్లు పేరుతో వేరే సరుకు తయారైంది. నీళ్లు, శాకరిన్, నురగకు ఏదో పొడి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం. మూడూ గాబా తూముని తెరిపించేవే. తాగేవాళ్లు అనుకునేది కల్లుకు అలవాటు పడ్డామని. వాళ్ల మెదడు అలవాటు పడింది నిద్రమాత్రకు.

రోజూ ఎవరో తూము అతిగా తెరుస్తుంటే మెదడు ఊరుకోదు. గాబా గ్రాహకాల చురుకు తగ్గించుకుంటుంది, గ్లుటమేట్ గ్రాహకాలను పెంచుకుంటుంది. అప్పుడు మత్తు ఉంటేనే మనిషి మామూలుగా ఉండగలడు. 2015 సెప్టెంబరులో ఎక్సైజు అధికారులు కల్తీ మీద గట్టిగా దాడులు చేసేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ వైపు పల్లెల్లో మత్తు ఒక్కసారిగా ఆగిపోయింది. చేతులు వణకడం, రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్. జనం ఆసుపత్రులకు గుంపులుగా వచ్చారు, ప్రాణాలూ పోయాయి. వాళ్లలో కూలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు ఉన్నారు. పత్రికలు వాళ్ల చేష్టల్ని వింతగా రాశాయి. వింత ఏమీ లేదు. ముషిణి విషం ఒంట్లోకి పోయినవాడి వెన్నుపాములో జరిగేదే వీళ్ల మెదడులో, వేరే దారిన, నెమ్మదిగా జరిగింది. ఆపేది సన్నగిల్లింది, కదిలించేది మిగిలింది. కల్తీ చేసినవాడిని పట్టుకోవడం అవసరమే. కానీ దాడికి ముందే మందులు, మంచాలు, డాక్టర్లు సిద్ధంగా ఉండి తీరాలి. తాగుడు ఆపిన రెండో రోజో మూడో రోజో ఏమవుతుందో వైద్యశాస్త్రానికి ఎన్నో ఏళ్ల ముందే తెలుసు.

అలా వచ్చినవాళ్లకు ఇచ్చే మందు మళ్లీ ఆ కుటుంబంలోదే. అల్ప్రాజోలం త్వరగా దిగిపోతుంది కనుక, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజీపామ్ లాంటిది ఇచ్చి ముందు ఫిట్స్ ఆపుతారు. ఆ తర్వాత మోతాదుని కొద్దికొద్దిగా, వారాలపాటు, కొందరిలో నెలలపాటు తగ్గిస్తూ వస్తారు. గ్రాహకాలు మళ్లీ తమ పాత చురుకుకు రావడానికి ఆ వ్యవధి కావాలి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా డాక్టరు ఎప్పుడో రాసిచ్చిన చీటీతో ఏళ్లతరబడి నిద్రమాత్ర వేసుకుంటుంటే, ఆ డబ్బా దాచేయడం, ఒక్కరోజులో మాన్పించడం చేయకూడదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మాత్రలో ఎంత వంతు చొప్పున, ఎన్నాళ్లకొకసారి తగ్గించాలో రాయించుకోవాలి.